సిగ్నే క్వాలే దిగిపోతానన్న కుర్చీ

అమెరికాలోని ఫార్గోలో ట్రాక్టర్లు అమ్మి రిటైరైన ఆర్డెల్ క్వాలేకి మిగిలిన కోరిక ఒక్కటే. భార్య సిగ్నేతో మినెసోటా సరస్సు ఒడ్డున ఉన్న ఇంట్లో చేపలు పట్టుకుంటూ బతకాలి. అడ్డమల్లా ఆవిడ ఉద్యోగమే. ఆవిడ ఫెడరల్ అప్పీలు కోర్టు జడ్జి. ఆ కుర్చీ ప్రాణమున్నంత కాలం ఉంటుంది. దేవుడు పిలవాలి, లేదా తనే దిగాలి.

కుర్చీ ఊరికే రాలేదు. బీట్‌దుంపలు పండించే రైతు కూతురు లా చదివింది, కౌంటీ ప్రాసిక్యూటరుగా దొంగల్నీ తాగి కారు నడిపేవాళ్లనీ జైలుకు పంపింది. అంతకన్నా ముఖ్యంగా, ఎముకలు కొరికే చలిలో ఒక సెనేటర్ తరఫున ఇంటింటికీ తిరిగి ఓట్లడిగింది. కళ్లకు గంతలు న్యాయదేవతకే గానీ సెనేటర్లకు ఉండవు. ఆయన జడ్జిల్ని నియమించే అధ్యక్షుడి చెవిన వేశాడు, పని జరిగింది. ఆనాటి నుంచి సిగ్నేకి రాజకీయాలతో సంబంధం లేదు. ఆ మాట ప్రతి ప్రసంగంలోనూ ఆవిడే చెప్పేది.

కింది కోర్టుల తప్పులు పట్టడం ఆవిడ పని. అందుకు కావలసిన సాధన ఇంట్లో ఆర్డెల్ మీద ఎప్పుడో అయిపోయింది.

డెబ్భై దాటగానే దిగిపోతానంది. తీరా దాటేసరికి శ్వేతసౌధంలో అవతలి పార్టీ. ఇప్పుడు దిగితే వాళ్ల మనిషి వచ్చి కూర్చుంటాడు, వచ్చే ఎన్నికల దాకా ఆగమంది. మళ్లీ వాళ్లే గెలిచారు. ఆర్డెల్ మళ్లీ ఆగాడు. రాజకీయాలతో సంబంధం లేని భార్య కోసం ఓట్ల లెక్కింపు చూస్తూ గోళ్లు కొరుక్కున్నాడు.

చివరికి సొంత పార్టీ గెలిచింది. వారసుడు రాగానే తప్పుకుంటానని సిగ్నే ప్రకటించింది. ఆర్డెల్ పడవకు కొత్త రంగు వేయించాడు. అంతలో వారసుడి పేరు బయటికొచ్చింది. బ్రెంట్ హాగ్‌స్ట్రమ్. ఒకప్పుడు ఆవిడ ముందు వాదిస్తూ ఆవిడ మాటకే అడ్డొచ్చిన లాయరు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద, మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్లో వండిన హాట్‌డిష్ చల్లారిపోయింది.

"నేను దిగను," అంది సిగ్నే.

"అతను మన పార్టీవాడేగా?"

"అయితే? నా కుర్చీలో వాడా?"

"కుర్చీ ప్రభుత్వానిది, సిగ్నే."

మర్నాడు ప్రకటన వెనక్కి తీసుకుంది. న్యాయవ్యవస్థకు తన అవసరం ఇంకా ఉందని పత్రికలకు చెప్పింది.

హాగ్‌స్ట్రమ్‌కి పోయిందేమీ లేదు. ఏడాది తిరక్కుండా ఇంకో జడ్జి చనిపోతే ఆ స్థానం అతనికిచ్చారు. వచ్చి సిగ్నే పక్కనే కూర్చున్నాడు. ఏ కేసొచ్చినా ఇద్దరిదీ ఒకే మాట.

"కుర్రాడు బుద్ధిమంతుడే," అంది కొన్నేళ్లు గడిచాక ఓ పొద్దున కాఫీ తాగుతూ.

"అయితే ఇప్పుడైనా దిగిపోవచ్చుగా?"

"ఇప్పుడెలా? మొన్న అవతలివాళ్లు గెలిచారు కదా."

ఆర్డెల్ కప్పు కడిగి బోర్లించాడు. ఆ శనివారం ఒక్కడే సరస్సుకి వెళ్లాడు. మంచి చేప పడింది. వేయించుకుని మొత్తం తనే తిన్నాడు.