ఒక్క పూతరేకు

ఈ ఉదయం మత్తివ్వబోతుంటే పిల్లవాడి నోటి నుంచి నెయ్యి వాసన వచ్చింది. ఆపరేషన్ ఆపించాను. వాళ్ల నాన్నమ్మ తిట్టింది. నాకు కొంత ఊరటగానే ఉంది.

నాకు ఏడేళ్లప్పుడు రాజమండ్రిలో తమ్ముడికి టాన్సిల్స్ ఆపరేషన్. పొద్దుటి నుంచి ఏమీ పెట్టవద్దన్నారు. వాడు ఆకలని ఏడుస్తుంటే రహస్యంగా పూతరేకు పెట్టాను. నోట్లో కరిగిపోయే కాగితం తిండి కిందకు రాదని అప్పట్లో నా అభిప్రాయం.

మత్తు డాక్టరుగారు వచ్చి అడిగితే, "మంచినీళ్లు కూడా ముట్టలేదండి" అన్నారు నాన్న. డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"నువ్వేమైనా పెట్టావా తల్లీ?"

"లేదండి."

మత్తులో తమ్ముడికి వాంతయి, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఎనిమిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. "మత్తివ్వడం కూడా రాదేంటండి మీకు?" అని నాన్న అందరి ముందూ అరిచారు. డాక్టరుగారు తల వంచుకున్నారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

తమ్ముడు బతికాడు. డాక్టరుగారు ఆ ఆసుపత్రి వదిలి వెళ్లిపోయారు. నాన్న ఇప్పటికీ ఆయన్ని తిట్టి, "మా అమ్మాయి అలా కాదండి, తిన్నారా అని పదిసార్లు అడుగుతుంది" అంటారు.

ఎందుకు అడుగుతానో నాన్న ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.