ఇరవై రెండో నంబరు బెజ్జం

పోయిన ఆషాఢంలో రెండో గురువారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది జరిగింది. టైము నేనే రాసి పెట్టుకున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ని, కళ్లతో చూసింది రాయకుండా వదలను. దెయ్యాలున్నాయన్నవాళ్లను మొహం మీదే తిట్టేవాణ్ని. ఇప్పటికీ దాన్ని దెయ్యం అనడం లేదు. మరేమనాలో తెలియడం లేదు, అంతే.

గరివిడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లోడింగు పని చేశాను. నడుం పోయాక కంప్యూటర్ల గదికి కాపలా పెట్టారు. తాళంచెవి ఒక్కటే. అది నా మొలతాడుకే ఉండేది.

ఆ నెలలో కాటా దగ్గర కంప్యూటర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. తూకం కోసం వచ్చిన లారీలు రోడ్డు దాకా నిలబడేవి. విశాఖ నుంచి స్వాతి అనే ఇంజనీరమ్మ వచ్చింది. ఫ్యాక్టరీ ఫైళ్లన్నీ దాచే పెద్ద పెట్టెకూ మిగతా కంప్యూటర్లకూ మధ్య ఒక స్విచ్చి ఉంటుంది. దానికి ఇరవై నాలుగు బెజ్జాలు, వాటిని పోర్టులంటారు. ఏ పోర్టు నెమ్మదించి మిగతావాటికి అడ్డం పడుతోందో కనిపెట్టి, తన ఫోనుకు మెసేజి వచ్చేలా ఆమె అమర్చింది. నాకది వెంటనే అర్థమైంది. గోడౌను గుమ్మంలో ఒక్క లారీ సరుకు దింపకుండా నిలబడితే వెనకవన్నీ ఆగిపోవూ? అదే సంగతి.

మంగళవారం మెసేజి వచ్చింది. అడ్డం పడుతున్నది ఇరవై రెండో పోర్టు.

వెళ్లి చూస్తే ఇరవై రెండుకి వైరే లేదు. వైరు గుచ్చే ముక్క కూడా లేదు. ఉత్త బెజ్జం, దానికి రబ్బరు మూత.

మేనేజరు సుబ్బారావు గారు నావైపు తిరిగారు. "ఏటి పైడయ్యా, ఏటైనా తగిలించి పీకీసినావేటి?"

"తాళం నీ దగ్గరే ఉన్నాది గదా తాతా," అంది స్వాతి.

"తాళం నా దగ్గరున్నాది. ఫోను నీ దగ్గరున్నాది. ఆ మెసేజి ఎవులు పంపినారో నాకేటి తెలుసు?" అన్నాను.

ఫైళ్లు బయటివాళ్లకు దొంగతనంగా ఇస్తున్నానని వాళ్ల అనుమానం. సంగతి తేలకపోతే శుక్రవారం నుంచి రావద్దన్నారు. పని పోతే పోయింది, దొంగ అన్న పేరుతో ఊళ్లో ఎలా తిరగను? అసలు తప్పు దొరక్క ఈ పిల్లే నా నెత్తిన రుద్దుతోందని నాకు గట్టి అనుమానం.

సరుకు మీద తగువొస్తే మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. లారీ తలుపు మీద కాగితం పట్టీ అంటించి, తగువు పడ్డ ఇద్దరూ సగం కాగితం మీద, సగం తలుపు మీద సంతకం పెడతారు. పట్టీ కదిలితే సంతకం విరుగుతుంది. ఇక్కడా అదే చేద్దామన్నాను. మెసేజి ఆమె ఫోనుకు కాదు, మేనేజరు ఫోనుకు రావాలన్నాను.

గురువారం పది గంటలకు కాటా గుమస్తా దావీదు పట్టీ తెచ్చాడు. మూత మీద అంటించి స్వాతీ నేనూ సంతకాలు చేశాం. నలుగురం స్విచ్చికి ఎదురుగా కూర్చున్నాం. ఎవరూ లేవలేదు.

పదకొండూ ఇరవైకి మేనేజరు ఫోను మోగింది. మళ్లీ ఇరవై రెండో పోర్టే.

పట్టీ అలాగే ఉంది. సంతకాలు అలాగే ఉన్నాయి. దావీదు కాటాకు ఫోను చేస్తే అక్కడ అప్పుడే అన్నీ ఆగిపోయాయన్నారు. పదకొండు నిమిషాలు ఆగి, వాటంతటవే కదిలాయి.

స్వాతి తను అమర్చినదంతా మొదట్నుంచీ చదువుకుంది. తప్పు లేదంది. ఖాళీ పోర్టు మీద అలాంటి మెసేజి రావడం కుదరదని కూడా అంది. స్విచ్చి తయారుచేసినవాళ్లను అడిగితే వాళ్లూ అదే మాట అన్నారు.

మేనేజరు లేచి గుమ్మం వైపు నడిచారు. నేను వదల్లేదు. "దొంగనన్న నోటితోటే కాదని సెప్పండి బాబూ," అన్నాను. చెప్పారు. అందరి ముందూ చెప్పారు.

చివరికి స్వాతి ఇరవై రెండుకి మాత్రం మెసేజి రాకుండా ఆపేసింది. ఒక్కటే అడిగాను.

"మెసేజి ఆపీసినావు, సరే. గుమ్మంలో నిలబడ్డోడు ఎల్లిపోయినాడా అమ్మా?"

ఆమె సామాను సర్దుకుని విశాఖ వెళ్లిపోయింది. లారీలు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆగుతున్నాయి.

ఆ రోజు గదిలో ఉన్నది మేనేజరు సుబ్బారావు గారు, ఇంజనీరు స్వాతి, కాటా గుమస్తా దావీదు, పైడయ్య అనే నేను. మాకు కనబడినంతవరకు ఇంతమందిమే.