మా అమ్మ దుద్దులో చీమ

మా పాప బారసాల నాడు మా అమ్మ తన చెవులకున్న వజ్రపు దుద్దులు తీసి నా చేతిలో పెట్టింది. ఒక్కో దుద్దుకి ఒక్కటే రాయి. ఆవిడకీ అవి వాళ్ల అత్తగారి చెవుల్లోంచి వచ్చినవే. ఒట్టి చెవులతో ఉండకూడదని అమ్మ పట్టుదల. శుక్రవారం తలంటుకున్నా, ముఖానికి పసుపు రాసుకున్నా, కొబ్బరినూనె పెట్టుకున్నా దుద్దులు చెవులకే ఉండేవి. పురిటికి ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా నర్సుతో పోట్లాడి ఉంచుకుందట. నా చేతికొచ్చేసరికి అవి వజ్రాల్లా లేవు, పటికబెల్లం పలుకుల్లా ఉన్నాయి.

"చిన్నప్పుడు వీటిని పీకి చంపేదానివి. చీమ, చీమ అని ఒకటే గోల," అని నవ్వింది. అమ్మ చెవి మీద ఎప్పుడో నిజంగానే చీమ పాకి ఉంటుందనుకున్నాను.

ఆ మసకే మా ఆయనకి నచ్చలేదు. వాళ్ల తమ్ముడి పెళ్లి దగ్గరకొచ్చింది. "పెద్ద కోడలివి. ఈ గాజు పెంకులు పెట్టుకుని పీటల పక్కన నిలబడతావా? పాతవి ఇచ్చి పెద్దవి తీసుకుందాం," అన్నారు. రాజమండ్రిలో వాళ్ల నాన్నగారి కాలం నుంచీ వెళ్తున్న నగల కొట్టుంది. పాత వజ్రాలు తీసుకుని, పైన కొంత కట్టించుకుని, పెద్ద రాళ్లు ఇస్తారు. పాప పుట్టాక నాకు అనుమానాలు ఎక్కువయ్యాయి. పాలపొడి డబ్బా మూత, సిలిండరు మీట, వీధి గుమ్మం గడియ, వేసినవే మళ్లీ మళ్లీ చూసుకుంటాను. అలాంటిదాన్ని కొట్టుకి తీసుకెళ్లారు.

కొట్టాయన మా దుద్దుల్ని భూతద్దంలో చూసి పెదవి విరిచారు.

"రాయి మంచిదేనమ్మా. రంగు బాగుంది, లోపల మచ్చ లేదు. కట్టే పాతది."

"కట్ అంటే? గుండ్రంగానే ఉన్నాయి కదండీ?"

"ఆకారం కాదమ్మా. పలకలు ఏ వాలులో చెక్కారన్నదే కట్. వాలు కుదిరితే పైనుంచి పడ్డ వెలుగు లోపల తిరిగి మళ్లీ మీ కంటికే వస్తది. కుదరకపోతే అడుగు నుంచి కారిపోద్ది. చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే. ఒకే బరువు, ఒకే రంగు ఉన్న రెండు రాళ్లకి ధరలో అంత తేడా అందుకేనండి."

ఆ మాట నచ్చింది. నచ్చింది కాబట్టే అనుమానం వచ్చింది. మా రాళ్లకి తక్కువ కట్టడానికే ఇంత విడమరిచి చెబుతున్నారేమో అనిపించింది. ధర చెప్పాక, తూకం వేయాలంటే మురికి పోవాలని వాటిని లోపలికి తీసుకెళ్లారు. పాప ఏడుస్తుంటే ఎత్తుకుని తిప్పుతూ ఆ తలుపు వైపే చూస్తున్నాను. తిరిగొచ్చేసరికి గిన్నెలో రెండు నిప్పు రవ్వలున్నాయి.

"ఇవి మావేనా?" అన్నాను.

"మీవేనమ్మా. రాళ్ల వెనక ఏళ్ల తరబడి నూనె, పసుపు, కుంకుడు పులుసు పేరుకుపోయుంది. వజ్రానికి జిడ్డు ఇట్టే పట్టేస్తది."

"ఇంత మెరుస్తుంటే మరి ధర పెరగదా?"

"మురికి వేరు, కట్ వేరమ్మా. కడిగితే మురికి పోద్ది గానీ కట్ మారదు కదా."

మా ఆయన నా మోచేతిని గిల్లారు. కొట్టాయన ఏమీ అనుకోకుండా పెద్ద రాళ్లున్న జత తీసి పొట్లం కట్టారు. వజ్రం అచ్చిరావాలి కాబట్టి కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, మంచి అనిపిస్తేనే ఖాయం చేసుకోవడం మా వైపు అలవాటు. పాత జత, కొత్త జత రెండూ ఇంటికి తెచ్చుకున్నాం.

అప్పటి నుంచి నాకు రెండు దిగుళ్లు. ఒకటి, ఈ పెద్ద రాళ్లు నిజంగా మంచివేనా? రెండోది పైకి చెప్పలేనిది. లోపలికి వెళ్లి వచ్చినవి మా అమ్మ రాళ్లేనా? కాకపోతే ఆవిడకి ఏం చెప్పను? చెవులు ఒట్టివి చేసుకుని మరీ ఇచ్చింది.

కొట్టులో నెత్తి మీద వరసగా లైట్లు. అక్కడ దేన్ని చూసినా తళుక్కుమంటుంది. ఇంట్లో మధ్యాహ్నం వంటింటి కిటికీ దగ్గర బియ్యం చేటలో తెల్ల రుమాలు పరిచి రెండు జతలూ పెట్టి చూశాను. పెద్ద రాయి వెడల్పుగా ఉంది, కాని కొంచెం వాల్చి చూస్తే మధ్యలో బూడిదరంగు వలయం కనిపించింది. చేప కన్నులా ఉంది. వెలుగంతా అంచుల్లోనే మిణుకుతోంది, నడుమ ఒట్టి గాజు. కడిగిన పాత రాయి చిన్నదే, అయినా ఎటు తిప్పినా లోపల్నుంచి పెద్ద పెద్ద తునకలుగా మెరుస్తోంది.

సాయంత్రం మా ఆయనకి చూపించాను. "నువ్వు వాల్చి చూస్తున్నావు. పెళ్లికొచ్చినవాళ్లు వాల్చి చూడరు," అన్నారు.

"నా తల నిటారుగా బిగించుకుని కూర్చోవాలా?"

"నీకు అనుమానం జబ్బే."

మర్నాటికి పాపకి జలుబు చేసింది. చదువుకున్నదాన్ని, రాయికీ జలుబుకీ సంబంధం లేదని తెలుసు. అయినా కొత్త జతని బీరువాలోంచి తీసి హాల్లో టీవీ వెనక పెట్టాను.

జలుబు సంగతి, కొత్త జత సంగతి ఫోనులో విని, కొవ్వూరు నుంచి అమ్మ బస్సెక్కి వచ్చేసింది. నేనప్పుడు పాత దుద్దులు పెట్టుకునే ఉన్నాను. కావాలనే పెట్టుకున్నాను. ఆవిడ గుర్తుపడితే నా గుండె కుదుటపడుతుందని ఆశ. ఆవిడ సంచి కింద పెట్టి, నా ముఖం చూసి, ఆగిపోయింది.

"మార్చేశారా అప్పుడే?"

"ఇవి నీవేనమ్మా. కడిగించాం అంతే."

"నావి కాదే. నావి ఇంత మెరవ్వు." దగ్గరకొచ్చి చూసింది. "కాదు. ఎవరికిచ్చావు? నీ ఎదురుగానే కడిగారా?"

లోపలికి తీసుకెళ్లారని చెప్పలేకపోయాను. పాప ఏడుపందుకుంటే ఒళ్లో వేసుకుని పాలిస్తూ తల వంచుకున్నాను. అది తాగుతూ తాగుతూ కళ్లు పైకెత్తి, నా చెవి కేసి చూసి, చెయ్యి చాచి దుద్దు మీద వేలితో పొడవడం మొదలుపెట్టింది.

"అచ్చం నీలాగే," అంది అమ్మ, కోపంలోనే. "నువ్వూ పాలు తాగే వయసునుంచే నా చెవిని వదిలేదానివి కాదు. మాటలొచ్చాక ఇహ చీమ, చీమ."

"చీమ ఎక్కడుండేదమ్మా? చెవి మీదా?"

"ఏమోనే. చెవి తడుముకుంటే ఏమీ ఉండేది కాదు. నా చెవి నాకు కనపడుద్దా ఏంటి?"

అప్పుడు గుర్తొచ్చింది. చెవి మీద కాదు. రాళ్లు ఇంత మసకబారక ముందు, రాయి లోపల. నున్నటి అద్దం గదిలో చిక్కుకుపోయినట్టు నడుమ ఒక చిన్న నల్ల చుక్క. దాన్ని బయటికి తీయాలనే కదా అంత గోల చేసేదాన్ని.

పాపని అమ్మకిచ్చి, దుద్దు తీసి, కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఫోను కెమెరాలో పెద్దది చేసి చూశాను. చుక్క ఉంది. రెండో దానిలోనూ ఉంది. టీవీ వెనకనుంచి కొత్త జత తెచ్చి చూశాను. వాటిలో లేదు.

"ఇదిగో నీ చీమ," అని ఫోను ఆవిడ ముఖం ముందు పెట్టాను. అమ్మ కళ్లజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్లూ ఇది నా చెవిలోనే ఉందా?" అంది. ఆ తరవాత కాస్త సిగ్గుపడుతూ, "అల్లుడుగారితో అనకు, రాళ్లు మార్చేశారన్నానని," అంది.

అదే మాట నేను ఎన్ని రోజుల నుంచి అనుకుంటున్నానో ఆవిడకి చెప్పలేదు.

ఆదివారం మా ఆయనతో వెళ్లి కొత్త జత వెనక్కిచ్చాం. చేప కన్ను సంగతి అడిగాను. కొట్టాయన తడుముకోలేదు.

"పలుచగా చెక్కిన రాయమ్మా. ఎక్కువ బరువున్నట్టు వెడల్పు కనిపిస్తది, నడుమ వెలుగు తప్పుద్ది. అందుకే రేటు తక్కువ. అదే బరువులో మంచి కట్ అయితే చూపుకి కాస్త చిన్నదే, ధర మాత్రం ఎక్కువ. సారే కదండీ ముందురోజు ఫోన్ చేసి, ఈ డబ్బులో పెద్దగా కనపడేది తీసి ఉంచమన్నది?"

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన గోడమీద కేలండరు చూస్తున్నారు. ఇన్నాళ్లూ కొట్టాయన్ని అనుమానించిన నేను, నా పక్కన కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

"మా తమ్ముడి పెళ్లి కదా అని," అన్నారాయన మెల్లగా.

పాత దుద్దుల్లో చుక్క ఎందుకుందని అడిగాను. చేత్తో సానపట్టే రోజుల్లో అడుగు మొన విరిగిపోతుందని కొంచెం అరగదీసి వదిలేవారట. పైనుంచి చూస్తే ఆ అరుగుదలే చుక్కలా కనిపిస్తుందట. మా రాళ్లకి ధర తగ్గడానికి అదీ ఒక కారణమేనట.

"కావాలంటే ఇవే రాళ్లు మళ్లీ కొత్త లెక్కలో సానపట్టిస్తానమ్మా," అన్నారు కొట్టాయన. "బరువు కొంచెం తగ్గుద్ది గానీ ఆ చుక్క పోద్ది. మెరుపు పెరుగుద్ది, రేటూ పెరుగుద్ది."

మా ఆయన ఆశగా నా కేసి చూశారు. పాప నా ఒళ్లో కూర్చుని అప్పటికే దుద్దు పట్టుకుని లాగుతోంది.

"చుక్క తీసేస్తే," అన్నాను, "మళ్లీ ఎప్పుడైనా మీరు లోపలికి తీసుకెళ్లి తెచ్చినప్పుడు, అవి మావేనని ఎలా గుర్తుపట్టాలండీ?"

కొట్టాయన పెద్దగా నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆపేశారు.