రూతు చేసిన అమ్మ బొమ్మ

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆత్మకూరు దగ్గరి పల్లె బడి నుంచి నాగర్‌కర్నూలుకు బదిలీ అయినా అది నన్ను వదల్లేదు. ఏ పిల్ల తలవంచుకుని బొమ్మ వేస్తున్నా చూడలేక పక్కకు తిరిగిపోతాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీ ముఖం నాకు కనబడదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను నాలుగో తరగతి టీచర్ని. మాది గద్వాలలో చీరలు నేసే కుటుంబం. మా అన్న మగ్గం దగ్గర మిగిలిన పట్టుదారం ముక్కలు ఒక సంచి నిండా తెచ్చి పిల్లల ముందు పోశాను. అట్టముక్క మీద జిగురు రాసి, దారాలు అతికించి, మీకు ఇష్టమైన మనిషిని చేయండి అన్నాను. బాగున్నవాటిని వనపర్తిలో పిల్లల ప్రదర్శనకు పంపాలి. చాలామంది అవ్వనో తాతనో చేశారు. ఒకడు మేకను చేసి, నాకు ఇష్టమైన మనిషి ఇదే అన్నాడు. రూతు వాళ్ళమ్మను చేసింది.

రూతు అమ్మానాన్నలు పుణెలో బిల్డింగు పనికి పోయి ఎనిమిది నెలలైంది. పిల్ల అవ్వ దగ్గర ఉండేది. ఆ బొమ్మలో ముఖం వంకర, ఒక కన్ను మరీ పెద్దది. కానీ తల మీద దారం లేదు. నిజమైన వెంట్రుకలున్నాయి. మా వైపు ఆడవాళ్ళు దువ్వుకున్నప్పుడు ఊడిన వెంట్రుకల్ని ఉండచుట్టి గోడ సందులో దాస్తారు. గిన్నెలమ్మే మనిషి వస్తే అవి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు. వాళ్ళమ్మ దాచిపోయిన ఉండను రూతు ఎవరికీ ఇవ్వనివ్వలేదట. ముందురోజు రాత్రి ఇంట్లో దాన్ని విప్పి, చిక్కు తీసి, చిటికెన వేలంత జడ అల్లి, పొద్దున తెచ్చి అతికించింది. చూడమని నా ముక్కు దగ్గర పెట్టింది. ఇంకా కొబ్బరినూనె వాసన వస్తోంది.

నాకు ఒళ్ళు జలదరించింది. చూసేవాళ్ళు ఏమంటారు? ఈ టీచరుకు శుభ్రం తెలియదా అనరా? ఆ పిల్ల ఎనిమిది నెలల బెంగ నా అరచేతిలో ఉంటే నాకు తోచింది అదొక్కటే. మధ్యాహ్నం పిల్లలు అన్నానికి పోగానే తలుపు దగ్గరకు వేసి, ఆ జడను గోటితో గీకి పీకేశాను. నల్ల పట్టుదారం అతికించాను. చెయ్యి ఆగలేదు, కళ్ళు కూడా సరిచేశాను. వెంట్రుకల్ని కాగితంలో చుట్టి బడి వంటగది పొయ్యిలో వేశాను.

అంతవరకే అయితే తప్పు అనుకుని మరిచిపోయేదాన్నేమో. తర్వాత జరిగింది వేరు.

పిల్లలు తిరిగొచ్చారు. రూతు బొమ్మ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, గిది మా అమ్మ గాదు. మా అమ్మ ఎంటికలేవి?"

తరగతి మొత్తం నా వైపు చూసింది.

"ఎంటికలేంది? నువ్వు దారమే అంటిచ్చినవ్. అబద్ధాలు చెప్పొద్దు."

"లే టీచర్. పొద్దున మీకు వాసన గూడ జూపిచ్చిన గద."

"నాకేం జూపియ్యలే. కలగన్నవేమో."

పిల్ల బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అట్లనా, టీచర్?"

ఏడ్చి ఉంటే ఒప్పుకునేదాన్నా? అవ్వను పిలుచుకొస్తే ఒప్పుకునేదాన్నా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా నాకు జవాబు తెలియదు. తెలిసింది ఒక్కటే. తన కళ్ళకన్నా, తన చేతులకన్నా ఆ పిల్ల నా మాటనే ఎక్కువ నమ్మింది, ఎందుకంటే నేను టీచర్ని.

బొమ్మకు వనపర్తిలో బహుమతి వచ్చింది. రంగుల డబ్బా ఇచ్చారు. రూతు దాన్ని పక్కపిల్లకు ఇచ్చేసింది. ఆ తర్వాత బొమ్మ వేయమంటే పక్కవాళ్ళది చూసి అచ్చం అలాగే వేసేది. వేసవి సెలవుల్లో వాళ్ళమ్మ వచ్చి తనతో తీసుకుపోయింది.

పోయినేడు కొత్తకోటలో బస్సు కోసం నిలబడ్డాను. ఒకామె దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది. నేను గుర్తుపట్టలేదు.

"రూతు వాళ్ళమ్మను టీచర్," అంది.

కూతురు పుణెలోనే బట్టల దుకాణంలో పనిచేస్తోందట. బాగుందట. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది.

"చిన్నగున్నప్పుడు ఫోన్ల చెప్పింది టీచర్, అమ్మా, నీ ఎంటికలతోనే నిన్ను జేస్తున్న అని. ఎంత మురిసిన్నో! నేనొచ్చి అడిగితే, లేదమ్మా, నేను అబద్ధం చెప్పిన, అది అబద్ధమని టీచరే చెప్పింది అని ఒకటే ఏడుపు. ఇగ నేను ఏమంట? పిల్లలు గద, ఏదో ఒకటి చెప్తరు అనుకున్న."

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. వనపర్తి బస్సు వచ్చింది. ఎక్కాను. రూతు ఫోన్ నంబరైనా అడగలేదు. అడగడం మరిచిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు.

ఇప్పుడు ఆ పిల్లకు ఇరవై దాటి ఉంటాయి. ఒక్కసారి చూడాలని ఉంటుంది. ఎవరిదీ చూడకుండా, వంకరగానే, తనకు తోచిన బొమ్మ వేస్తుంటే పక్కన కూర్చోవాలని ఉంటుంది. ఎదురుపడితే నోరు తెరుస్తానా అంటే నమ్మకంగా చెప్పలేను. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమిస్తే మాత్రం ఆ జడ తిరిగొస్తుందా?

రూతు ఆ రోజు నిజమే చెప్పింది. అబద్ధమాడింది నేను.

ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది.  ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.