అవ్వ అడగని దోవ

మా అవ్వకు బతిమాలడం చేతకాదు. పొగరని ఊరంతా తిట్టేది. తిట్టనీ! ఆ పొగరే మాకు నీళ్లు తాపింది.

కొత్తచెరువు దగ్గర మా పల్లెలో తాగేనీళ్ల బావికి ఒక పెద్ద రైతు చేని గట్టు మీదుగా పోవాలి. ఏటా ఏరువాక నాడు ఆయన ఆ దోవకు అడ్డంగా తుమ్మకంప వేయించేవాడు. మేం పోయి చేతులు కట్టుకుని అడగాలని ఆయన ఆశ. ఎవరూ అడగకముందే అవ్వ ఆ కంపను ఈడ్చుకొచ్చి పొయ్యిలో పెట్టేది.

ఒక ఏడాది ఆయన ఏకంగా రాళ్లగోడ కట్టించాడు. ఇక రెండు మైళ్ల అవతల వంక ఇసుకలో తవ్వుకునే చెలమే దిక్కు. పెనుకొండ మున్సిఫ్ కోర్టులో దావా వేశాం.

ఆ జడ్జిగారు సాయంత్రాలు వసారాలో కూర్చుని, అసలు చట్టమంటే ఏమిటని పుస్తకం రాసుకునేవారట. వకీళ్లు వెనకాల నవ్వుకునేవాళ్లు. ఆయన లెక్కచేసేవారు కాదు.

నాయన అవ్వకు దారిపొడుగునా నూరిపోశాడు. "ఏటా అడిగితిమి, దయదల్చి ఇడిసిరి అని చెప్పుమా. జడ్జికి జాలి పుడతాది."

బోనెక్కిన అవ్వను రైతు వకీలు తేనె పూసినట్టు అడిగాడు. "ఏటా అడిగే కదమ్మా పోయేది?"

"అడిగేదేంది? కంప బాగా మండుతాది, ఎత్తుకపోతి."

కోర్టంతా నవ్వింది. కేసు పోయిందని నాయన తల పట్టుకున్నాడు. జడ్జిగారు కలం కింద పెట్టారు.

"ఒక్కసారి కూడా అడగలేదా?"

"ఇప్పుడు నిన్ను కూడా అడగడం ల్యాదు సామీ. దోవ మాది. గోడ తీపియ్యమని చెప్తాండా."

తీర్పు నాడు ఆయన మాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పారు. "అడిగి నడిస్తే అది దయ. ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాడు. ఇన్నేళ్లు అడగకుండా, దాక్కోకుండా నడిచారు కాబట్టి ఇది హక్కు. ఈమె అడిగానని చెప్పి ఉంటే దావా కొట్టేసేవాణ్ణి."

నాయన దారిపొడుగునా నూరిపోసింది ఆ మాటే. తరతరాలుగా వంగి వంగి, వంగితేనే గెలుస్తామనుకున్నాం. ఎంత సిగ్గుచేటు! ఆ రోజు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

గోడ పడిన రోజు మేం నీళ్లు మోసుకొస్తుంటే రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. "పోనీలే అవ్వా, మేమే ఇచ్చినామనుకోని నడవండి" అన్నాడు.

నాయన దండం పెట్టబోయాడు. అవ్వ ఆ చేతుల మీద ఒక్కటేసింది.

"నువ్వెవరబ్బా ఇచ్చేదానికి? పక్కకు జరుగు, బిందె బరువుగా ఉండాది."

ఆయన జరిగాడు.