నిజాంసాగర్ పడవలో పెళ్లిచూపులు

అప్పటికి రెండు సంబంధాల వాళ్లు నన్ను చూసి వెళ్లారు. మళ్లీ కబురు పెట్టలేదు. మా ఎల్లారెడ్డిలో ఇంటి ముందు కొత్త బండి ఆగితే చాలు, వాడకట్టులోని ఆడవాళ్లందరికీ వాకిలి ఊడ్వాలనిపిస్తుంది. మూడోసారి వాళ్లకా తమాషా చూపించదలచుకోలేదు అమ్మ. పెళ్లిచూపులు నిజాంసాగర్‌లో, షికారు పడవలో పెట్టించింది. కుదిరితే సరే, లేకపోతే ప్రాజెక్టు చూసొచ్చామని చెప్పుకోవచ్చు. గుడిలో చూపులు మాలో మామూలే. పడవ మాత్రం అమ్మ సొంత తెలివి.

తెలంగాణ ఉద్యమం బందులతో కాలేజీ సగం రోజులు మూసే ఉండేది కాబట్టి చదువు వంక పెట్టే వీలు కూడా నాకు లేదు.

అబ్బాయిది మాచారెడ్డి దగ్గర పల్లె. దుబాయిలో పని, నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. పెళ్లి కాగానే పిల్లను వెంట తీసుకుపోతాడని మధ్యవర్తి చెప్పాడు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. మా బాపు పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. రెండేళ్లకోసారి వచ్చి, అమ్మ చేతి పచ్చిపులుసు తిని, మళ్లీ వెళ్లిపోయేవాడు. అమ్మలా బతకడం నాకు ఇష్టం లేదు. అమ్మతో ఆ మాట అనలేదు గానీ, తీసుకుపోతానని అబ్బాయి నోటితోనే వినాలని ఇంట్లోనే తీర్మానించుకున్నాను.

మా వైపు నేను, అమ్మ, మేనమామ. వాళ్ల వైపు అబ్బాయి, వాళ్లమ్మ. పడవ నడిపేవాడు అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగాడు. నా పట్టుచీర కనబడకుండా పోయిందని అమ్మ బాధ. పిల్లను చూడవచ్చిన వాళ్లకు నారింజ రంగు జాకెట్టులోంచి పొడుచుకొచ్చిన తల ఒక్కటే కనిపించింది.

ఆ ఏడు నీళ్లు నిండుగా లేవు. మంజీర నది మధ్యలో దిబ్బలు తేలి ఉన్నాయి. ఒకదాని మీద తుమ్మచెట్లు, ఇంకోదాని మీద ఈదుకుంటూ వచ్చి మేస్తున్న బర్రెలు. పడవ వాటి చుట్టూ తిరిగి పోతోంది. అందంగానే ఉంది, చూసే తీరికే ఎవరికీ లేదు. ఇంజన్ మోతలో అబ్బాయి తల్లి నన్నేదో అడిగింది. నేను తల ఊపాను. ఆమె తృప్తి పడింది.

"మీరిద్దరు ముంగటికి పోయి మాట్లాడుకోండ్రి" అన్నాడు మామ.

వెళ్లి ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ మోతలో మెల్లగా అడిగితే వినబడదని గొంతు పెంచాను. సరిగ్గా అప్పుడే, కొంగల దిబ్బ వచ్చిందని పడవతను ఇంజన్ ఆపాడు.

"పెండ్లయినంక నన్ను తోల్కపోతరా, మీ అమ్మ తాన ఇడిసిపెట్టి పోతరా?"

దిబ్బ మీది కొంగలన్నీ లేచిపోయాయి.

"చప్పుడు చెయ్యొద్దని గిప్పుడే చెప్దామనుకున్న" అన్నాడు పడవతను.

అబ్బాయి వాళ్లమ్మ వైపు చూశాడు, తర్వాత నీళ్ల వైపు. "తోల్కపోలేను. నాది కూలి వీసా. ఒక్క రూంల పన్నెండు మందిమి ఉంటం. మధ్యల మనిషి ఏం చెప్పిండో నాకు తెల్వది."

"గవన్నీ ఇప్పుడెందుకురా" అంది వాళ్లమ్మ. మామ తన జాకెట్టు ముడి విప్పి మళ్లీ వేసుకున్నాడు. నాకు అబ్బాయి మీద కోపం రాలేదు, గౌరవం కలిగింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు. అతనికి ఒకటి కూడా ఆడబుద్ధి కాలేదు.

ఇంట్లో అయితే చాయ్ వంకతో ఎవరో ఒకరు లేచిపోయేవారు. పడవలో ఎక్కడికి పోతారు? ఇంకా రెండు దిబ్బలు మిగిలాయి. పడవతను చూపించాడు, అందరం చూశాం.

మూడోనాడు మధ్యవర్తి ఫోన్ చేశాడు. పిల్ల నచ్చిందట. నోరు పెద్దదే గానీ మనసులో ఏమీ పెట్టుకోదని అబ్బాయే అన్నాడట. నాకు సంతోషమైంది, దాచుకోను. భయం కూడా వేసింది, వద్దని మాత్రం అనలేదు. ఆ బతుకే బతుకుతున్న మనిషి కదా, అమ్మ ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"రెండేండ్లకోపారి అస్తడు. అందరు బతుకుతలేరా?" అంటున్నాడు మధ్యవర్తి. స్పీకర్‌లో నాకూ వినబడుతోంది.

అమ్మ ఫోన్ నోటి దగ్గరికి తీసుకుంది.

"పిల్ల వద్దంటలేదన్నా. నేనే వద్దంటున్న. గా బతుకు ఎట్లుంటదో దానికి తెల్వది, నాకు తెలుసు."

ఫోన్ పెట్టేసి, చాట ముందుకు లాక్కుని బియ్యం ఏరడానికి కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో అమ్మ తన బతుకు గురించి చేసిన ఫిర్యాదు అదొక్కటే. అది కూడా మధ్యవర్తికి చెప్పింది, బాపుకు కాదు.