ఆళ్లగడ్డ క్వారీ ఎత్తులో నా పైపుకు పరీక్ష

నంద్యాలలో సైలెన్సర్ పని అంటే జనం ముందుగా చెప్పేది నా పేరే. ఈ మాట నేనే చెప్పుకుంటే బాగుండదని నా భార్య రజియా అంటుంది. నిజం చెప్పుకోవడానికి సిగ్గెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ పేరుకే మొన్న ముప్పు వచ్చింది.

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే బ్రహ్మయ్య, క్వారీలోంచి రాళ్లు లాగే తన పాత డీజిల్ జీపుకు బలం చాలడం లేదని నా షాపుకు తెచ్చాడు. వెనకవైపున్న సైలెన్సర్ ఊడదీసి, ఆ చోట వెడల్పాటి పైపు నా చేతులతో చేసి బిగించాను. పొగ ధారాళంగా పోతే ఇంజన్ బలం దానంతటదే పెరుగుతుందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. వారం తిరక్కుండానే ఫోను చేశాడు.

“ఖాదరన్నా, నీ పైపు సింహం మాదిరి అరుస్తాంది గానీ బండి ఎత్తు ఎక్కల్యా. ఆంజనేయుని రాయి నాలుగు దినాలుగా గుంతలోనే పడుండాది. గుడోళ్లు ముహూర్తం పెట్టుకున్నారు. ఏం చేస్తావో ఈడికొచ్చి చెయ్.”

శుక్రవారం నా షాపుకు సెలవు. పొద్దున ఆరూ నలభైకి నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. బ్రహ్మయ్య నా షాపులో వదిలేసిన పాత సైలెన్సర్ కూడా వెంట తీసుకున్నాను. దాన్ని బిగించి చూపిస్తే నా పైపు గొప్పతనం వాళ్లకే తెలుస్తుందని నా ధీమా. కండక్టర్ దాన్ని చూసి లగేజీ టికెట్ కొట్టాడు. పక్క సీట్లో శిరివెళ్లకు పోతున్న పెద్దావిడ ఊరుకోలేదు.

“ఆడోళ్లకే టికెట్టు ల్యా, గొట్టానికి టికెట్టేందప్పా?”

“ఇది ఆడది కాదు గదమ్మా,” అన్నాడు కండక్టర్. ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు.

నేను పోతున్న పని ఆమెకు చెప్పాను. “మా చిన్నోడు గూడా ట్రాక్టరుకు పెద్ద గొట్టం పెట్టించినాడు. దున్నేది అంతే దున్నుతాంది. ఈదిలో పసిబిడ్డలకు మాత్రం నిద్ర ల్యా,” అంది. నాకు ఒళ్లు మండింది. శిరివెళ్లలో ఆమె దిగేదాకా కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదికి ఆళ్లగడ్డ. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. నూనె కాస్త ఎక్కువే, రుచికి మాత్రం వంక పెట్టలేం. బ్రహ్మయ్య జీపులోనే వచ్చి ఎక్కించుకున్నాడు. ఊరి మధ్య నుంచి నా పైపు గర్జిస్తూ పోతుంటే ఉలి పట్టినవాళ్లు పని ఆపి చూశారు. నాకు బాగానే ఉంది, బ్రహ్మయ్య మాత్రం తల దించుకుని నడిపాడు.

క్వారీ అరగంట దూరం. గుంత నుంచి పైకి రాళ్లు తేలిన మట్టిదారి, నిటారుగా ఉంది. ట్రాలీలో రాయి కట్టి, నాలుగు చక్రాలూ తిరిగే గేరులో పెట్టి ఎక్కించాడు. అరుపుకు కొండ మారుమోగింది. సగం దారి దాటగానే బండి నల్లగా పొగ కక్కి ఆగిపోయింది. పనివాళ్లు పదిమంది నా ముఖం చూశారు. పరువు పోయిందంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది.

జీపు కిందికి దించాక, అడుగున వెల్లకిలా దూరాను. ఇంజన్ దగ్గర మొదలయ్యే ముందు పైపు గేరుబాక్సు పక్కన అప్పడంలా నలిగిపోయి ఉంది. ఈ దారిలో ఎప్పుడో రాయి తగిలి ఉంటుంది. పొగకు దారి అక్కడే మూసుకుపోతే, వెనక నేనెంత వెడల్పు పైపు వేసి ఏం లాభం? ఆ రోజు షాపులో అరచెయ్యంత ముందుకు జరిగి ఉంటే కనబడేది. కొత్త పైపు మోజులో నేను అంత దూరం జరగలేదు.

క్వారీ షెడ్డులోని వెల్డింగ్ మిషనుతో నలిగిన ముక్క కోసి కొత్తది అతికించేసరికి పన్నెండున్నర. ఈసారి జీపు అదే రాయితో, అదే గేరులో ఆగకుండా పైకి పోయింది. పనివాళ్లు ఈలలు వేశారు. “ఖాదరన్న పైపంటే పైపే!” అన్నాడు బ్రహ్మయ్య. రాళ్ల కోసం కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒక జీపాయన అక్కడే నిలబడి, “నాకు గూడా అట్లాంటిదే చెయ్ అన్నా, ఇంకా లావుగా,” అన్నాడు. నేను తల ఊపాను.

ఊళ్లోకి పోయి జుమా నమాజు చదువుకున్నాను. నిజం చెప్పాలంటే మనసు నమాజు మీద లేదు. బండి ఎక్కింది నా పైపు వల్ల కాదేమోనని అనుమానం. మౌనంగా బస్సెక్కితే అడిగేవాడు లేడు. కానీ సైలెన్సర్ పనిలో నా పేరు అబద్ధం మీద నిలబడితే ఆ పేరు నాకెందుకు?

రెండింటికి క్వారీకి తిరిగి వచ్చాను. విగ్రహం కింద పెట్టే పీఠం రాయి ఇంకా గుంతలోనే ఉంది. మొదటి రాయికంటే అదే బరువు.

“పైపు ఊడదీసి పాత సైలెన్సర్ బిగిస్తా,” అన్నాను.

“పిచ్చి పట్టిందా అన్నా? ఎక్కే బండిని చెడగొడతావా?” అని బ్రహ్మయ్య అడ్డం వచ్చాడు.

“ఎక్కకపోతే మళ్లా పైపే పెడతా. నాకు తెలియాల.”

బిగించాను. జీపు చప్పుడు లేకుండా, పొగ లేకుండా, అంతకంటే బరువైన రాయిని పట్టుకుని నిమ్మళంగా ఎక్కింది. ఎవరూ ఈల వేయలేదు.

“తప్పు నాదే. నా పైపు ఈ బండికి అరుపు ఇచ్చిందే గానీ బలం ఇయ్యలేదు. నలిగిన దారి తెరిస్తే పోయిన బలం తిరిగొచ్చింది, అంతే,” అని అందరికీ వినబడేలా చెప్పాను. పైపు వాపసు తీసుకుంటానన్నాను. బ్రహ్మయ్య నా చేతుల గ్రీసు తన తువ్వాలుతో తుడిచాడు.

కోయిలకుంట్ల ఆయన తన జీపు వైపు పోయాడు. బేరం పోయిందనుకున్నాను. ఆయన దాన్ని నా ముందుకే తెచ్చి ఆపాడు. “పైపు వద్దులే అన్నా. నా బండి కింద గూడా ఒకసారి దూరి చూడు.”

నాలుగున్నర బస్సుకు సీటు దొరికింది. ఈ దారిన జీపులేసుకుని వచ్చేవాళ్లకు నా మాట ఒక్కటే: పైపు మార్చే ముందు ఇంజన్ దాకా దూరి చూసుకోండి. కొత్తరకం బళ్ల సంగతి నేను చేసి చూడలేదు, చెప్పను. ఈ బండి సంగతి మాత్రం నా కళ్లతో చూశాను. శిరివెళ్ల దాటాక రజియా ఫోను చేసింది.

“ఏమాయె? నీ పైపుతో ఎక్కిందా?”

“పైపు వల్ల కాదు! తప్పు నాదేనని అందరి ముందర చెప్పి వస్తాండా!”

“మరి ఎందుకంత గట్టిగా మాట్లాడతాండావ్?”

బస్సంతా నావైపే చూస్తోంది. అయినా నేను గొంతు తగ్గించలేదు.